జూనియర్ లాయర్ల స్టైపెండ్‌పై మా బార్ అసోసియేషన్ అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

ఈ విషయమై మీకు మూడు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు రాస్తున్నాను.

జూనియర్‌కు నెలకు నగరాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు సీనియర్లు స్టైపెండ్‌గా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, ఆదేశం కాదు. ఆ సందులోంచే మేం సీనియర్లం తప్పించుకుంటున్నాం. నా పక్క టేబుల్ దగ్గర వాయిదాలు రాసుకునే అమ్మాయి నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. బస్ చార్జీలకు ఇంకా నాన్ననే అడుగుతోంది. మొన్న ప్రాక్టీస్ మానేస్తానంది.

కార్యదర్శి పదవికి నేను పోటీ చేయాలనుకుంటున్నది ఇందుకే. పేరు కోసమంటున్నారు కొందరు. బోర్డు మీద పేరు చూసుకోవాలని నాకూ ఉంది లెండి, కాదనను.

ఎన్నికలకు ముందే సర్వసభ్య సమావేశం పిలిచి, స్టైపెండ్ తీర్మానాన్ని ఓటింగుకు పెట్టండి. తేదీని ఈ వారంలోనే నోటీసు బోర్డులో పెట్టించండి.

ఇట్లు,
మీ బార్ సభ్యుడు