పన్ను తగ్గింది, మా గేట్ పాస్ మారలేదు

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి,

మేడమ్, మీకు తెలుగు వచ్చు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. హైదరాబాద్ జీడిమెట్లలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో ఏడేళ్లుగా మెషిన్ ఆపరేటర్‌ని. మెషిన్ అదే, షిఫ్టులు అవే, కాంట్రాక్టర్ పేరు మాత్రం నాలుగుసార్లు మారింది, మారినప్పుడల్లా నేను అప్పుడే చేరినట్టు కాగితాలు రాస్తారు. పర్మనెంట్ వాళ్లకు నీలం కార్డు, మాకు పసుపు గేట్ పాస్. పక్క మెషిన్ మీద ఇదే పని చేసే పర్మనెంట్ అన్న జీతంలో నాకు వచ్చేది సగం.

2019 సెప్టెంబర్ 20న గోవాలో మీరు కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి తగ్గిస్తున్నామన్నారు. కొత్త ఫ్యాక్టరీలకైతే 15 శాతమే. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గినా పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అన్నారు. మేం నిజంగానే ఆశపడ్డాం.

తర్వాత కరోనా వచ్చింది, ఆ రెండేళ్లు లెక్కలోంచి తీసేద్దాం. ఆ తర్వాతి మాటేమిటి? 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయని మీ ఆర్థిక సర్వేలోనే రాశారు. అదే ఏడాది కంపెనీలు కట్టిన పన్ను కంటే మామూలు మనుషులు కట్టిన ఆదాయపు పన్నే ఎక్కువ. ఫ్యాక్టరీ కార్మికుల్లో నూటికి 40 మంది నాలాగే కాంట్రాక్టు మీద ఉన్నారు.

22 శాతం కావాలంటే పాత మినహాయింపులు వదులుకోవాలని షరతు పెట్టారు కదా, మరి ఎంతమందిని సొంత రోల్స్‌లోకి, అంటే కంపెనీ ఉద్యోగులుగా, తీసుకున్నారన్న షరతు ఎందుకు పెట్టలేదు? కొత్తవాళ్లను చేర్చుకుంటే వాళ్ల జీతంలో 30 శాతాన్ని పన్ను పడే ఆదాయంలోంచి మూడేళ్లపాటు అదనంగా తగ్గించుకునే వీలు ఆదాయపు పన్ను చట్టం 80జేజేఏఏ సెక్షన్‌లో ఇచ్చారు, కాదనను. కానీ అది వాడుకోకపోయినా 22 శాతం ఎలాగూ వస్తున్నప్పుడు మమ్మల్ని రోల్స్‌లోకి తీసుకోవాల్సిన అవసరం ఏ యజమానికి ఉంటుంది?

నేను అడిగేది ఒక్కటే. ఏడాది పొడవునా నడిచే పనికి సొంత మనుషుల్ని పెట్టుకున్న కంపెనీకే 22 శాతం ఇవ్వండి, ఆ పని కాంట్రాక్టర్ల మీద నడిపేవాళ్లు పాత 30 శాతమే కట్టాలి. చిన్న యూనిట్లకు కొంత గడువు ఇవ్వండి, వాళ్ల ఇబ్బందులు మాకూ తెలుసు.

ఈ నెలాఖరుకి మా కాంట్రాక్టర్ మళ్లీ మారుతున్నాడట. కొత్త ఫారాలు, రెండు ఫొటోలు తెమ్మన్నారు.

ఇట్లు,
జీడిమెట్ల నుంచి ఒక కాంట్రాక్ట్ ఆపరేటర్