ఫొటో దిగితే పాఠం అయిపోయినట్టేనా?

సంపాదకులు గారికి,

‘బోధనలో నూతన సాంకేతికత: అనుభవాలు పంచుకున్న అధ్యాపకులు’ అని ఒక సదస్సు వార్తను పోయిన వారం జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ ఇంటర్నల్ మార్కులు ఎక్కించే సర్వరు తీరిక ఇవ్వలేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, అంతా పద్ధతిగానే జరిగింది. కాకపోతే వార్తలో పేర్లున్న పెద్దల్లో ఈ మధ్యకాలంలో క్లాసుకెళ్లినవారు నాకెవరూ కనబడలేదు. పంచుకోవడానికి ముందు అనుభవమంటూ ఉండాలి కదండీ!

మా కళాశాలలో సగానికి పైగా క్లాసులు గెస్టు లెక్చరర్లే చెబుతారు. వాళ్లకు గంటల లెక్కన జీతం, ఓడీ (బయటికెళ్లినా డ్యూటీ కిందే లెక్కించడం) ఉండదు. వర్క్‌షాపుకి వెళితే ఆ రోజు డబ్బులు పోయినట్టే. అవైనా నెల నెలా వస్తాయా అంటే అదీ లేదు. సొంత ఫోనుతో చక్కగా పాఠాలు రికార్డు చేసి పిల్లలకు పంపే గెస్టు కుర్రాడొకడు మా డిపార్టుమెంటులో ఉన్నాడు. అతను ఇన్విజిలేషన్‌లో ఉంటే, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ సీనియరు గారు వెళ్లి సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు.

న్యాక్ (కళాశాలలకు గ్రేడులిచ్చే సంస్థ) బృందం వస్తోందని మాకూ ఒక పెద్ద టచ్ ప్యానెల్ బిగించారు. గీత పడితే ఎవరు కట్టాలన్న భయంతో దానికి గుడ్డ కప్పి, గదికి తాళం వేసి ఉంచుతారు. రోజూ ఎవరో ఒకరు దాని ముందు నిలబడి, పిల్లల చేత చేతులెత్తించి, జియోట్యాగ్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మేం ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద నిలబడ్డామో పైవాళ్లకు సెకన్లతో సహా తెలుస్తుంది. ఏం చెప్పామో, పిల్లలకు ఏం అర్థమైందో అడిగే కాలమ్ మాత్రం ఏ ఫార్మాట్‌లోనూ లేదు.

ఎవరూ అడగలేదు కాబట్టి నా అనుభవం మీ పత్రికకే చెప్పుకుంటున్నాను. టైట్రేషన్ (ద్రావణం గాఢతను చుక్కచుక్కగా కొలిచే ప్రయోగం) చూపించేటప్పుడు, ఫినాఫ్తలీన్ అనే సూచిక లేత గులాబీకి మారే క్షణం, ముందు వరసలో నిలబడ్డ నలుగురైదుగురికే కనిపించేది, మిగతావాళ్లు రికార్డులో అంకెలు కాపీ కొట్టేవాళ్లు. ఇప్పుడు పాత ఫోనొకటి క్లాంపుతో స్టాండుకు బిగించి, వైరుతో ప్రొజెక్టరుకు కలిపాను. బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) కొస నుంచి చుక్క రాలడం తెర మీద అరచేయంత కనబడుతుంది. ఒక్క చుక్క ఎక్కువై రంగు ముదిరిందా, ‘దాటిపోయింది సార్!’ అని వెనక బెంచీ నుంచి అరుస్తారు. దీనికి గ్రాంటు అక్కర్లేదు, కరెంటుంటే చాలు. అదే ఒక్కోసారి ఉండదు.

కరోనా రోజుల్లో గంటసేపు పాఠాలు రికార్డు చేశాం. పిల్లలు మొదటి ఐదు నిమిషాలు చూసి వదిలేశారు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, దానికి ముగ్గురు వారసులు, వాళ్లననడానికి లేదు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లిషు మీడియమే అన్నాక, తెలుగులో వివరిస్తూ సమీకరణాలు మాత్రం ఇంగ్లిషులో రాసే పది నిమిషాల వీడియోలు చేశాను. అవి పరీక్షల ముందు రాత్రి తిరిగి తిరిగి చూస్తున్నారు. ఇక చాట్‌జీపీటీ పుణ్యమా అని అసైన్‌మెంట్లన్నీ ఒకే పోలిక. వాటిని ఇంటికివ్వడం మానేసి, అది రాసిన జవాబే బోర్డు మీద పెట్టి తప్పులు పట్టమంటున్నాను. కొందరు నాకంటే ముందే పడుతున్నారు.

ఇలాంటివి ప్రతి కళాశాలలోనూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. 1984 ఆగస్టు 15న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) వాళ్లు దూరదర్శన్‌లో కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ అనే పాఠాల కార్యక్రమం మొదలుపెట్టారు. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి చదువుల కోసమే చేసిన ఉపగ్రహం ఎడ్యుశాట్ ఎగిరింది. పాఠాలు చెప్పే ప్రభుత్వ చానెల్ మనటీవీ వచ్చింది, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. మంచివే, కాదనను. కానీ ఏది వచ్చినా మాకు సర్క్యులరే ముందు చేరింది. ఇది మీ పిల్లలకు పనికొచ్చిందా, లేదా అని మా కళాశాలకొచ్చి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ పాఠాల కోసం మేడ మీద పెట్టిన డిష్ తుప్పు పట్టింది గానీ స్టాకు రిజిస్టరులో ఇంకా బతికే ఉంది. ల్యాబ్ అటెండరు పోస్టు ఖాళీ, డిస్టిల్డ్ వాటరు మేమే కొనుక్కోవాలి. యంత్రం కావాలంటే నిధులుంటాయి, మనిషి కావాలంటే మాత్రం ఫైలు కదలదు.

సదస్సు సారాంశాన్ని నివేదికగా పైకి పంపుతామని వక్తలు చెప్పినట్టు మీరే రాశారు. సంతోషం. వచ్చేసారి గెస్టు లెక్చరర్లకూ ఆ రోజు జీతం ఇచ్చి పిలవాలని అందులో ఒక ముక్క రాయమనండి. అలాగే ప్యానెల్ గది తాళంచెవి ఎవరి దగ్గరుండాలో కూడా తేల్చమనండి, సూపరింటెండెంటు గారు సెలవు పెట్టిన రోజుల్లో మాకు ఫొటో దిగడానికి కూడా వీలుండటం లేదు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల కెమిస్ట్రీ అధ్యాపకుడు
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)