కైలాహున్ పురిటి వార్డు గురించి విదేశాంగ మంత్రి గారికి ఒక నర్సు లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వాసుపత్రి నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. చివరి ఎనిమిదేళ్ళు పురిటిబిడ్డల వార్డులో, మేము ఎస్‌ఎన్‌సీయూ అని పిలుచుకునే చోట, గడిచాయి. ఆ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్ళి, ఆ దేశం తూర్పు వైపున ఉన్న కైలాహున్ జిల్లా ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేశాను. అక్కడి పురిటిబిడ్డల కోసం ఈ ఉత్తరం ఆరోగ్య శాఖకు కాకుండా మీకు రాయడానికి కారణం ఉంది. ఆ దేశంతో మన బంధం మీ శాఖ చేతుల్లోనే ఉంది.

ఆ బంధం చిన్నది కాదు. 2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో పనిచేస్తున్న రెండు వందల మందికి పైగా మన సైనికులను కైలాహున్‌లో తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. రెండు నెలలకు పైగా అలాగే ఉంచారు. జులైలో ఆపరేషన్ ఖుక్రీ పేరుతో మన సైన్యమే వాళ్ళను విడిపించుకుంది. నేను ఆ ఊరికి వెళ్ళినప్పుడు సంతలో పల్లీలు అమ్మే ఒక పెద్దావిడ నా చీర చూసి, ఇండియానా అని అడిగి, డబ్బులు తీసుకోకుండా దోసెడు పల్లీలు నా కొంగులో పోసింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత తోటి నర్సులు చెప్పారు.

1991లో మొదలైన ఆ అంతర్యుద్ధం 2002 జనవరిలో ముగిసింది. అప్పటికి అక్కడ పుట్టిన ప్రతి అయిదుగురిలో ఒకరు అయిదేళ్ళు నిండకుండానే పోతున్నారు. ఆసుపత్రులు తగలబడ్డాయి, డాక్టర్లు దేశం విడిచి వెళ్ళిపోయారు. అయినా ఆ ప్రభుత్వం ఊరుకోలేదు. 2010 ఏప్రిల్ 27న, తమ స్వాతంత్ర్య దినం నాడు, గర్భిణులకు, బాలింతలకు, అయిదేళ్ళలోపు పిల్లలకు వైద్యం ఉచితమని ప్రకటించింది. ఆ పేద దేశం అంత ధైర్యం చేసిందంటే నాకు ఇప్పటికీ గౌరవమే. అంతలో 2014లో ఎబోలా వచ్చింది. అది ఆ దేశంలో మొదట బయటపడింది కూడా కైలాహున్ జిల్లాలోనే. రెండు వందల మందికి పైగా వైద్య సిబ్బంది చనిపోయారు. యుద్ధం తర్వాత ఒక్కొక్కరినీ కూడగట్టి తయారుచేసుకున్న మనుషులు వాళ్ళు.

ఇంత జరిగినా పిల్లల మరణాలు తగ్గాయి. 2013 సర్వేలో వెయ్యికి 156 ఉన్న అయిదేళ్ళలోపు మరణాలు 2019 సర్వేకి 122 అయ్యాయి. టీకాలు, దోమతెరలు, మలేరియా మందులు పనిచేశాయి. (మా ఫ్రిజ్‌లో పెంటావాలెంట్ టీకా సీసా మీద హైదరాబాద్ అన్న పేరు చూసిన రోజు నాకు కన్నీళ్ళు ఆగలేదు.) కానీ పుట్టిన 28 రోజుల్లోపు పోయే బిడ్డలు వెయ్యికి 39 నుంచి 31కి తగ్గినా, ఇంకా అంతమంది పోతూనే ఉన్నారు. ఎందుకంటే వాళ్ళను కాపాడేది టీకా కాదు. పక్కన నిలబడి చూసుకునే మనిషి, ఆగకుండా వచ్చే కరెంటు.

అక్కడి క్రియో జాతి వాళ్ళలో పుల్ నా డో అనే వేడుక ఉంది. ఏడో రోజున బిడ్డను మొదటిసారి గడప దాటించి పేరు పెడతారు. మన బారసాల లాంటిదే. పురిటిబిడ్డల మరణాల్లో ఎక్కువ భాగం మొదటి వారంలోనే జరుగుతాయని నర్సులందరికీ తెలుసు. అక్కడ రిజిస్టరులో ఆ లెక్క కళ్ళారా చూశాను. పేరు పెట్టకముందే పోయిన బిడ్డలు కనుక, పేరు రాయాల్సిన చోట తల్లి పేరే ఉంటుంది, ముందు 'బేబీ' అని. ఆ పేజీలు తిప్పడం నాకు కష్టంగా ఉండేది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. మూడు కేజీల మగబిడ్డ, కాన్పు ఆలస్యమై పుట్టగానే ఏడవలేదు. అంబు బ్యాగ్‌తో ఊపిరి అందించి నిలబెట్టాం. పక్కనే నెలలు నిండని ఆడబిడ్డ, పన్నెండు వందల గ్రాములు. ఇద్దరికీ ఒకే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసే కరెంటు యంత్రం) నుంచి గొట్టాలు వేశాం. తెల్లవారుజామున మూడింటికి జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. నిండు సిలిండర్ లేదు. మగబిడ్డ తెల్లారేలోగా పోయాడు. ఆడబిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా కట్టి, పైన దుప్పటి కప్పాం. ఆ బిడ్డ బతికింది. నెలన్నర తర్వాత ఇంటికి వెళ్ళింది.

ఆ రాత్రి నాతో ఉన్న నర్సుకు జీతం లేదు. అక్కడ ప్రభుత్వ జీతం రావాలంటే 'పిన్ కోడ్' రావాలి. అంటే జీతాల పట్టీలో నంబరు. అది వచ్చేదాకా ఏళ్ళ తరబడి వాలంటీరు అన్న పేరుతో ఉద్యోగం చేస్తారు. ఆమె నాలుగేళ్ళుగా అలాగే చేస్తోంది. పగలు సంతలో పామాయిలు అమ్మి, రాత్రి డ్యూటీకి వచ్చేది. ఆమెను నేను ఒక్కనాడూ తప్పు పట్టలేకపోయాను.

అదే ఆసుపత్రి స్టోర్ రూములో, గుడ్డ కప్పి, మూడు ఇంక్యుబేటర్లు ఉండేవి. ఏదో దేశం నుంచి దానంగా వచ్చినవి. రెండు 110 వోల్టులవి. అక్కడి 230 వోల్టుల కరెంటుకు పెట్టిన రోజే కాలిపోయాయట. మూడోదానికి ఒక సెన్సర్ పోయింది, ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ తెలియదు.

అయ్యా, అందుకే మొదటి మాటగా వేడుకుంటున్నాను, యంత్రాలు ఒక్కటే పంపకండి. మన ఐటెక్ పథకం 1964 నుంచి ఎన్నో దేశాల వాళ్ళకు శిక్షణ ఇస్తోంది. అందులో సియెర్రా లియోన్, లైబీరియా, దక్షిణ సూడాన్ లాంటి యుద్ధం చూసిన దేశాల పురిటి వార్డు నర్సులకు, యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లకు విడిగా సీట్లు కేటాయించండి. క్లాసురూములో కాదు, మన జిల్లా ఎస్‌ఎన్‌సీయూలలో మూడు నెలలు రాత్రి డ్యూటీలు చేయించండి. ఓల్టేజీ పడిపోతే ఏం చేయాలో, బిడ్డను వెచ్చగా ఉంచే ఒక్క వార్మర్‌ను ఎలా వంతులు వేసుకోవాలో మా నర్సులకు తెలిసినంతగా లండన్ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు.

తల్లి ఒడి వైద్యానికి, అంటే కంగారూ కేర్‌కి, ఆధారాలు మన దగ్గరే ఉన్నాయి. 2021లో ప్రచురించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులతో పాటు ఢిల్లీ ఆసుపత్రి కూడా ఉంది. తక్కువ బరువు బిడ్డను పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లికి కట్టేస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. దీనికి కావలసింది వార్డులో తల్లికి ఒక మంచం, ఒక కుర్చీ, మూడు పూటలా తిండి. మాకు అక్కడ తల్లులు నేల మీద పడుకునేవారు. గోదావరికి అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్ళకే నేర్పించి పురిటిబిడ్డల మరణాలను మూడేళ్ళలో సగానికి పైగా తగ్గించారు. ఆ పనిని కైలాహున్ పల్లెలకు తీసుకెళ్ళే దారి మీ శాఖ దగ్గర ఉంది.

ఇక యంత్రం పంపక తప్పదంటే, దానితో పాటు అయిదేళ్ళకు సరిపడా విడిభాగాలు, సోలార్ ప్యానెళ్ళు, నేర్చుకున్న టెక్నీషియన్ ఉండాలని ఒప్పందంలోనే రాయించండి. జీతాల విషయం వాళ్ళ ప్రభుత్వానిది, అందులో మనం చెప్పేది లేదు. కానీ మన సాయంతో నడిచే ఏ వార్డులోనైనా జీతం లేని నర్సు ఉండకూడదని మనం షరతు పెట్టవచ్చు, ఆ ఖర్చులో కొంత భరించనూ వచ్చు.

ఆ నర్సు మొన్న నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది. కాన్సన్‌ట్రేటర్ ఫిల్టర్ మూసుకుపోయిందట, కొలత రాసి ఫొటో తీసి పంపింది. నేను ఖమ్మంలో మూడు దుకాణాలు తిరిగాను. దొరికింది. ఇరవై ఫిల్టర్లు కొని పెట్టాను, ఎలా చేర్చాలో మాత్రం తెలియడం లేదు. మీ కార్యాలయం దారి చూపిస్తే రేపే పంపిస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
ఖమ్మం జిల్లా