క్రాలర్ నడిపే ముందు లైసెన్స్ చూడాలి

సంపాదకులకు,

కళాశాలలు, ఆసుపత్రులు, చిన్న వ్యాపార సంస్థలు తమ వెబ్‌సైట్‌లో పనిచేయని లింకులు, శీర్షికలు లేని పేజీలు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చడానికి బయటివారికి డబ్బు చెల్లించి ‘సైట్ ఆడిట్’ చేయించుకోవడం ఇప్పుడు మామూలైంది. ఈ పనికి చాలామంది స్క్రీమింగ్ ఫ్రాగ్ ఎస్‌ఈఓ స్పైడర్ అనే బ్రిటన్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నారు. ఇది క్రాలర్, అంటే లింకుల వెంట వెళ్తూ సైట్‌లోని పేజీలను ఒక్కొక్కటిగా చూసే సాఫ్ట్‌వేర్. మౌస్‌తో పని లేకుండా, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో) కమాండ్ ఇచ్చి సర్వర్ మీద రాత్రివేళ దానంతట అదే నడిచేలా కూడా దీన్ని పెట్టుకోవచ్చు. అయితే అది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉందా, లైసెన్స్ చెల్లుబాటులో ఉందా అన్నది నడపడానికి ముందే చూసుకోవాలి. అమీర్‌పేట మొదలుకొని డిజిటల్ మార్కెటింగ్ నేర్పే శిక్షణ కేంద్రాలన్నీ ఈ పరిశీలనను తొలి పాఠంగా చెప్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఉచితంగా దొరికే రూపం ఒక విడతలో 500 చిరునామాలు (యూఆర్‌ఎల్‌లు) దాటి వెళ్లదు. ఈ లెక్కలో పేజీలతో పాటు బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, జావాస్క్రిప్ట్ ఫైళ్లు కూడా చేరతాయి కనుక, నోటిఫికేషన్లు, ఫలితాల పీడీఎఫ్‌లు ఏళ్ల తరబడి పేరుకుపోయిన విశ్వవిద్యాలయ సైట్‌లో అది గడప దాటకుండానే ఆగిపోతుంది. అలా వచ్చిన పట్టికను ఎక్సెల్‌లో చక్కగా సర్ది ఇస్తే, డబ్బు చెల్లించినవారికి అది సైట్ మొత్తానికి సంబంధించిన నివేదికలాగే కనిపిస్తుంది. లైసెన్స్ ఏడాది కాలానికి, ఒక్కొక్క వినియోగదారు పేరున ఇస్తారు. గడువు తీరినా సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు, మళ్లీ ఉచిత పరిమితుల్లోకి జారుతుంది. అందుచేత నిరుడు బాగా నడిచింది కదా అన్న భరోసా ఈ ఏడాదికి చెల్లదు.

ఇక పరిశీలన సంగతి. లైనక్స్‌లో ‘విచ్’ కమాండ్‌తో సాఫ్ట్‌వేర్ ఉన్న చోటు తెలుస్తుంది. విండోస్‌లో మాత్రం, కమాండ్ గుర్తించలేదన్న సందేశం వచ్చినంత మాత్రాన అది లేదని అర్థం కాదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని దాని ఫోల్డర్‌కు వెళ్లి పిలిస్తే పలకవచ్చు. ఇది తెలియక మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారున్నారు. సహాయం అడిగే ‘హెల్ప్’ ఆప్షన్‌తో నడిపినప్పుడు ఆప్షన్ల జాబితా వస్తే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టే, కానీ లైసెన్స్ ఉన్నట్టు కాదు. లైసెన్స్ వివరాలు వినియోగదారు హోమ్ డైరెక్టరీలోని (ఆ ఖాతా సొంత ఫోల్డర్‌లోని) దాగి ఉండే ఫోల్డర్‌లో, ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో, మొదటి వరుసలో పేరుగా, రెండో వరుసలో లైసెన్స్ కీగా (కొన్నప్పుడు ఇచ్చే సంకేతంగా) ఉంటాయి. ఇక్కడే అసలు చిక్కు వస్తుంది: మన పేరుతో లాగిన్ అయి చూసినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నా, రాత్రి నడిచే పని వేరే ఖాతా పేరున నడుస్తుంటే ఆ ఖాతా హోమ్ డైరెక్టరీలో ఆ ఫైలు ఉండకపోవచ్చు. కాబట్టి పని ఏ ఖాతాలో నడుస్తుందో ఆ ఖాతాలోనే పరిశీలించాలి. స్క్రీన్ లేని సర్వర్‌లోనైతే వాడుక ఒప్పందానికి అంగీకారం కూడా సెట్టింగుల ఫైలులో ముందే నమోదు కావాలి. లైసెన్స్ ఫైలు ఉందో లేదో చూడడానికి దాన్ని తెరవనక్కర్లేదు. తరగతి గదిలో ప్రొజెక్టర్ మీద దాన్ని తెరిచి కీని అందరికీ చూపడం తగదు. ఫైలు ఉన్నా గడువు తీరి ఉండవచ్చు కనుక, అనుమానం తీరకపోతే, 500కు మించి చిరునామాలున్న సొంత సైట్‌పై ఒకసారి నడిపి, లెక్క ఆ హద్దు దాటుతుందో లేదో చూసుకోవచ్చు.

లైసెన్స్ ఖరీదు భారమని క్రాక్ కాపీలు పంచే శిక్షకుల పట్ల నాకు సానుభూతి లేదు. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడినవారికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధిస్తుంది. వ్యాపార లాభం కోసం కానప్పుడు జైలును మినహాయించే వీలు కోర్టుకు ఉన్నా, ఫీజు తీసుకుని నేర్పే కేంద్రాలు ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకోవడం అవివేకం. పైగా ఆ అవసరమే లేదు. ఇలాంటి పనికే ఉన్న సాఫ్ట్‌వేర్లలో, 1996 నుంచి ఉన్న వీగెట్‌ను, అలాగే హెచ్‌టీటీట్రాక్‌ను జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద, స్క్రేపీని బీఎస్‌డీ అనే మరో స్వేచ్ఛా లైసెన్స్ కింద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాటికి కీతో పని లేదు. విరిగిన లింకుల వేటకు వీగెట్‌లోని ‘స్పైడర్’ ఆప్షన్ విద్యార్థులకు సరిపోతుంది.

ఆడిట్ చేయించుకునే సంస్థలకు కూడా ఒక విన్నపం. ఏ సాఫ్ట్‌వేర్‌ను ఏ వెర్షన్‌లో వాడారు, లైసెన్స్ గడువు ఎప్పటి వరకు ఉంది, మొత్తం ఎన్ని చిరునామాలు చూశారు, మధ్యలో పరిమితి వల్ల ఆగిందా అన్న వివరాలు నివేదిక మొదటి పేజీలోనే ఉండాలని వర్క్ ఆర్డర్‌లో రాయించి, అవి లేని నివేదికకు బిల్లు చెల్లించకుండా ఆపాలి.

ఇట్లు,
వెబ్‌సైట్ల నిర్వహణలో పనిచేస్తున్న ఒక పాఠకుడు,
హైదరాబాద్