ఎర్ర గుర్తు పడని అంకె

హన్మకొండ,
ఆదివారం.

చిరంజీవి బిడ్డకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న మళ్లీ చేయించిన పరీక్షలో పొటాషియం 4.3 వచ్చిందని నువ్వు పంపిన మెసేజ్ చూసి మీ బాపు గుమ్మంలోనే నిలబడి భద్రకాళమ్మకు దండం పెట్టుకున్నాడు. నాకు అంత ఆశ్చర్యం కలగలేదు. కానీ శుక్రవారం రాత్రి పదకొండింటికి నువ్వు ఫోన్ చేసి, రిపోర్టులో పొటాషియం 5.8తో సహా ఏడు అంకెల పక్కన ఎర్ర గుర్తులున్నాయని చెప్పినప్పటి నీ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. గుండె దడగా ఉందా, కాళ్లూ చేతులూ లాగేస్తున్నట్టున్నాయా, మూత్రం సరిగా వస్తున్నదా అని అడిగి, అవేమీ లేవన్నాకే, మిగతా ఆరూ ఆగుతాయి, పొటాషియం మాత్రం పొద్దున్నే మళ్లీ చేయించుకో అన్నాను. ఇరవై తొమ్మిదేళ్లు ల్యాబ్‌లో రక్తం తీసి, స్లైడ్లు చూసి రిటైరైన నేను అర్ధరాత్రి ఫోన్లో చెప్పలేని మిగతా సంగతులను ఈ ఉత్తరంలో తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఆ పొటాషియం సంగతి. మన ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. బయట రక్తద్రవంలో తిరిగేది కొంచెమే, ఆ కొంచెం కూడా 3.5 నుంచి 5 మధ్యలోనే ఉండాలి. అందువల్ల రక్తం తీసేటప్పుడు కొన్ని ఎర్ర కణాలు పగిలినా చాలు, లోపలి సరుకంతా బయటపడి 4.3 ఉండవలసినది 5.8 అయి కూర్చుంటుంది. నీ ఇంటికి వచ్చిన పిల్లవాడు నరం దొరకక రెండుసార్లు పొడిచాడని, రబ్బరు పట్టీ బిగించి పిడికిలి మూసి తెరవమని పదేపదే చెప్పాడని, సన్నటి సూదితో సిరంజిని గట్టిగా లాగాడని నువ్వే చెప్పావు. అట్లా తీసిన శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూస్తే, పైన తేలే, ఎండుగడ్డి రంగులో ఉండవలసిన సీరం, హోలీకి మోదుగుపూలు నానబెట్టిన నీళ్ల రంగులోకి మారి ఉంటుంది. ఆ రంగు చూసిన టెక్నీషియన్ రిపోర్టు మీద ఆ సంగతి రాయాలి, లేదా మళ్లీ రక్తం అడగాలి. నేను పనిలో చేరిన కొత్తలో ఒక చిన్న ల్యాబ్ యజమాని, ఆ మాట రాస్తే జనం మనకు రక్తం తీయడం రాదనుకుంటారని నన్ను వారించాడు. నేను రెండు నెలలు ఆయన మాట విని, ఆ తర్వాత అక్కడ మానేశాను. లివర్ పరీక్షల్లో నీ ఎస్.జి.ఓ.టి. 49 ఉండి ఎస్.జి.పి.టి. 22 మాత్రమే ఉండడం కూడా ఇదే కథ కావచ్చు, ఎందుకంటే ఎస్.జి.ఓ.టి. లివర్‌లోనే కాక ఎర్ర కణాల్లోనూ ఉంటుంది.

ఇట్లా రాశానని పొటాషియం పెరిగిన ప్రతిసారీ శాంపిల్ మీదికి తోసెయ్యకు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారిలో అది నిజంగానే పెరుగుతుంది, 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి వారు ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. అది నిజమో అబద్ధమో తేల్చేది మన ధైర్యం కాదు, రెండో శాంపిల్.

ఇక ఆ ఎర్ర గుర్తు ఎక్కడి నుంచి పుడుతుందో చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న కనీసం నూటఇరవై మంది రక్తం పరీక్షించి, వచ్చిన అంకెలను వరుసగా పేర్చి, పై నుంచి రెండున్నర శాతాన్ని, కింది నుంచి రెండున్నర శాతాన్ని తీసేసి, మధ్యలో మిగిలిన 95 శాతాన్ని చాలా పరీక్షలకు నార్మల్ రేంజ్ అని అచ్చు వేస్తారు. అంటే ఏ పరీక్ష తీసుకున్నా, ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు గీత దాటి కనబడతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, నిక్షేపంలాంటి మనిషికి కూడా కనీసం ఒక్క ఎర్ర గుర్తు పడే అవకాశం 64 శాతం ఉంటుంది. నీ ఆఫీసువాళ్లు ఇప్పించింది డెబ్బై పరీక్షల ప్యాకేజీ. జ్వరమూ నొప్పీ ఏమీ లేకుండా అన్ని పరీక్షలు చేయించుకోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ల్యాబ్ అన్నం తిన్నదాన్నే ఈ మాట అంటున్నానని మీ బాపు నవ్వుతాడు.

కామెర్లలో పెరిగే బిలిరుబిన్ నీకు 1.7 ఉంది, కానీ అందులో లివర్ శుద్ధి చేసిన డైరెక్ట్ భాగం 0.3 మాత్రమే, ఎస్.జి.పి.టి. బాగుంది. పరీక్ష కోసమని ముందురోజు రాత్రి అన్నం మానేసి పదిహేను గంటలు కడుపు మాడ్చుకున్నావు కదా, గిల్బర్ట్ అనే పుట్టుకతో వచ్చే తీరు ఉన్నవారికి ఉపవాసంలో ఇట్లా కొంచెం పెరగడం మామూలే, దానికి మందు కూడా అక్కర్లేదు. కామెర్లకు పసరు పోస్తారని ఎవరైనా చెబితే పోవద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, డైరెక్ట్ భాగం పెరిగినా మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ పరీక్ష అయిన టి.ఎస్.హెచ్. 6.1 కూడా ఈ రోజు మాత్ర మొదలుపెట్టవలసినంత అంకె కాదు. పోయిన నెల నీకు వచ్చిన వైరల్ జ్వరం తగ్గుముఖం పట్టేటప్పుడు కూడా అది కొన్నాళ్లు పెరుగుతుంది. రెండు మూడు నెలలు ఆగి, ఫ్రీ టి4 అనే ఇంకో థైరాయిడ్ పరీక్షతో కలిపి మళ్లీ చేయించు. జుట్టు కోసం వేసుకుంటున్న బయోటిన్ మాత్ర ఆ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి రెండు మూడు రోజుల ముందే ఆపి, ఆ విషయం ల్యాబ్‌లో చెప్పు. టి.ఎస్.హెచ్. 10 దాటినా, నువ్వు గర్భం కోసం అనుకుంటున్నా అన్ని నెలలు ఆగవద్దు.

నువ్వు అసలు ప్రస్తావించనే లేదు, నేను అడిగితే "అది ఎప్పుడూ అంతేలే అమ్మా" అని దాటేసిన హిమోగ్లోబిన్ 10.4 నాకు వీటన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. ఆడవారికి 12 కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎర్ర కణం సైజు చెప్పే ఎం.సి.వి. 80కి పైన ఉండవలసింది 73 ఉంది, అంటే కణాలు చిన్నవైపోయాయి. తలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపం లక్షణం ఉన్నవారిలోనూ కణాలు చిన్నగానే ఉంటాయి కానీ వారికి కణాల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. ఎం.సి.వి.ని మిలియన్లలో ఉన్న ఆ సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వచ్చినప్పుడు తలసీమియాను అనుమానిస్తాము, నీకు 17 వచ్చింది. అందుకే నిన్న పొటాషియంతో పాటు ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ కూడా చేయించమన్నాను, అది 6 వచ్చింది. 15 కంటే తగ్గితే ఒంట్లో ఐరన్ నిల్వ అయిపోయినట్టే, గుమ్మిలో గింజ లేదన్నమాట. షుగర్ వస్తుందని నిన్ను భయపెట్టిన, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్.బి.ఎ.1సి. 5.8 కూడా దీని నీడే కావచ్చు: ఐరన్ తక్కువైనప్పుడు ఆ అంకె ఉన్నదానికంటే కొంత ఎక్కువగా కనబడుతుంది, నీ పరగడుపు షుగర్ 91 శుభ్రంగా ఉంది. ఐరన్ సరిపడా నిండాక దానిని మళ్లీ చూద్దాం.

ఐరన్ మాత్ర డాక్టర్ రాసినట్టు పరగడుపున నిమ్మకాయ నీళ్లతో వేసుకో, దానికి ముందూ వెనకా గంటన్నర చాయ్ ముట్టకు. మలం నల్లగా వస్తుంది, భయపడకు. కడుపులో తిప్పితే ఆపెయ్యకుండా రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ను అడుగు. నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర సరిగా ఒంటబట్టడం లేదని, లేదా రక్తం ఎక్కడో పోతున్నదని అర్థం. బాగైన తర్వాత కూడా నిల్వ నిండడానికి మూడు నెలలు వాడాలి. నెలసరిలో గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి వస్తున్నదని నీ రూమ్మేట్ చెబితే తెలిసింది తప్ప నువ్వు చెప్పలేదు. ఆ సంగతి లేడీ డాక్టర్‌కు చెప్పకుండా మాత్రలు మింగడం, చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇది ఇంత గట్టిగా రాయడానికి కారణం మీ పెద్దబాపు. ఆయన ఆపరేషన్ సంగతి నీకు తెలుసు, దాని వెనక నా పొరపాటు ఉన్నదని తెలియదు. వరుసగా మూడేళ్లు ఆయన పరీక్షలు చేయించుకున్నాడు, హిమోగ్లోబిన్ మొదట 15.1, మరుసటి ఏడు 14.2, ఆ పై ఏడు 13.3. మగవారికి గీత 13 దగ్గర ఉంటుంది కాబట్టి మూడు కాగితాల్లోనూ ఆ అంకె పక్కన ఏ గుర్తూ పడలేదు. రెండో కాగితం, మూడో కాగితం రెండూ నా చేతికే ఇచ్చాడు, నేను వంటింట్లో నిలబడి చూసి "నార్మలే బావగారూ" అని తిరిగి ఇచ్చేశాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, ఆ పెరటి చెట్టును నేనే అయ్యాను. పత్తి చేనుకు నడిచి వెళ్లి వచ్చేసరికి ఆయాసం వస్తున్నదని మీ పెద్దమ్మ చెప్పిన రోజున మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, అది మెట్లు దిగుతున్నట్టు కనబడింది. అప్పుడు ఫెరిటిన్ చేయిస్తే అడుగంటి ఉంది. నెలసరి లేని మనిషికి, అంటే మగవాడికి గానీ ముట్లు ఆగిన ఆడమనిషికి గానీ, ఐరన్ తగ్గిందంటే కడుపులోనో పేగులోనో రక్తం కారుతున్నదేమో చూడాలి; పేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీలో పెద్దపేగులో గడ్డ బయటపడింది. గడ్డ తీసేశారు, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాడు. కానీ నేను ఏడాది ముందే చూడవలసింది.

నీవి కూడా నా దగ్గర ఉన్నాయి: ఇంటర్ రెండో ఏడు 12.6, ఉద్యోగంలో చేరినప్పుడు 11.7, నిరుడు 11.1, ఇప్పుడు 10.4. ఇంతకు మునుపే అడగవలసిందని నాకు తెలుసు.

ఆగకూడనివి కొన్ని ఉన్నాయి, అవి మాత్రం గుర్తుంచుకో. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా, షుగర్ 300 దాటి వాంతులవుతున్నా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కొద్ది రోజుల్లోనే రెట్టింపై మూత్రం తగ్గినా, స్లైడ్ రిపోర్టులో రక్త క్యాన్సర్ అనుమానం కలిగించే బ్లాస్ట్ కణాలని రాసినా తెల్లారేదాకా కూడా ఆగవద్దు. ప్లేట్‌లెట్ల విషయంలో మన జిల్లాలో ప్రతి వానకాలం డెంగీ భయంతో జరిగే హడావిడి నీకు తెలుసు. పరకాల దగ్గరి ఒక పిల్లవాడికి 38,000 వచ్చిందని ఇంటిల్లిపాదీ రాత్రికి రాత్రి కారు కట్టుకుని వస్తే, నేను స్లైడ్ చూసేసరికి ప్లేట్‌లెట్లన్నీ తేనెటీగల్లా గుంపులు కట్టి ఉన్నాయి. ఊదా రంగు మూత ట్యూబులోని మందు కొందరి రక్తంలో ఇట్లా చేస్తుంది, అప్పుడు మిషన్ ఒక గుంపును ఒక్కటిగా లెక్కపెట్టడమో, అసలే లెక్కించకపోవడమో జరుగుతుంది. నీలం మూత ట్యూబులో తీసి చూస్తే 1.9 లక్షలు. అదే నిజమైన డెంగీ అయితే అంకె కంటే మనిషిని చూడాలి: జ్వరం తగ్గిన రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడ్డ చేతులు కనిపిస్తే లక్ష ఉన్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇంకొక మాట, ల్యాబ్‌లో ఫారం నింపేటప్పుడు నీ ఫోన్ నంబరు సరిగా రాయించు. ప్రమాదకరమైన అంకె వస్తే మేము కాగితం కోసం ఆగకుండా ఫోన్ చేస్తాము, తప్పు నంబరుకు ఎన్నిసార్లు చేసి విసిగిపోయానో చెప్పలేను.

నీ పాత రిపోర్టుల జిరాక్సులు, ఒక రూళ్ల నోటు పుస్తకం తమ్ముడితో పంపుతున్నాను. మొదటి పేజీలో ఆ నాలుగు అంకెలూ తేదీలతో సహా నేనే రాశాను, ఐదో గీత ఖాళీగా ఉంచాను. ఐరన్ మొదలుపెట్టిన రోజు ఏదో నాకు మెసేజ్ పెట్టు, అక్కడి నుంచి నాలుగు వారాలు లెక్కవేసి వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి పెడతాను.

నీ అమ్మ.