సంతకం మాది, మరి చెకింగ్ ఎవరిది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్నీమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు, అడ్వెంచర్ టూర్లకి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ గురించి. రిస్క్ అని తెలిసే ఫారం మీద సంతకం పెట్టారు కాబట్టి ఇక కంపెనీని అనడానికి ఏమీ లేదని ఆయన వాదన. చదవగానే కరెక్టే కదా అనిపిస్తుంది, నాక్కూడా ఒకప్పుడు అలాగే అనిపించేది, కానీ ఆ సంతకం ఎలా పెట్టిస్తారో ఒకసారి దగ్గరుండి చూశాక మాత్రం ఆ మాట అంత తేలిగ్గా అనలేకపోతున్నా.

పోయినేడు నేనూ మా మేనకోడలూ ర్యాఫ్టింగ్‌కి వెళ్ళాం. డబ్బులు ఆన్‌లైన్లో ముందే కట్టేశాం. అక్కడికి చేరి, బట్టలు మార్చుకుని, ఫోన్లూ చెప్పులూ లాకర్లో పెట్టేశాక అప్పుడు చేతిలో పెట్టారు ఫారం. ప్యాడ్‌కి దారంతో కట్టిన పెన్ను, ముందువాళ్ళ తడి చేతుల వల్ల సంతకం గీత దగ్గర కాగితం ఉబ్బిపోయి ఉంది, అక్షరాలేమో మాత్రల అట్ట వెనకాల ఉన్నంత సైజు. కళ్ళజోడు లాకర్లో ఉండిపోయింది కాబట్టి మా మేనకోడలే చదివి వినిపించింది. రిస్కులన్నీ నాకు వివరంగా చెప్పారని ఒక లైను. నాకు ఏ జబ్బూ లేదని ఒక లైను. ఆ తర్వాత, కంపెనీ నిర్లక్ష్యం వల్ల ఏం జరిగినా నేను గానీ నా వారసులు గానీ అడగమని ఇంకో లైను. అక్కడ ఆగి "మావయ్యా, మనకి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా, చెప్పారని రాసుందేంటి" అంది. కౌంటర్‌లో ఉన్న అబ్బాయిని అడిగితే "అది ఫార్మాలిటీ సార్, సంతకం పెడితేనే రిస్ట్ బ్యాండ్ ఇస్తాం" అన్నాడు. వద్దంటే డబ్బులు వెనక్కిస్తారా అంటే ఇవ్వరంట. వెనకాల లైన్లో పదిహేను మంది. పెట్టేశాను. అంత ప్రశ్నలడిగినవాడినీ చివరికి పెట్టేశాను, అది కూడా రాయాలి కదా.

తర్వాత లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మా మేనకోడలి జాకెట్‌కి మూడు బకిల్స్‌లో మధ్యది విరిగిపోయి ఉంది, ఇచ్చినబ్బాయి ఆ పట్టీ రెండు కొసలూ కలిపి ముడేసి, లాగి చూసి, "గట్టిగానే ఉందక్కా" అన్నాడు. ఇంకోటి కావాలని పట్టుబడితే విసుక్కుంటూ తెచ్చిచ్చాడు. ఈతొచ్చా అని మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఫారంలో బ్లడ్ గ్రూపు అడిగారు, ఏమన్నా అయితే ఎవరికి ఫోన్ చేయాలో అడిగారు, ఈతొచ్చా అన్న గడి మాత్రం లేదు!

ఏం కాలేదు. నవ్వుకుంటూ, తడిసి ముద్దై బయటికొచ్చాం, ఫోటోలు కూడా కొనుక్కున్నాం. ఏం కాలేదు కాబట్టే ఆ విరిగిన జాకెట్ మళ్ళీ అదే కొక్కేనికి వెళ్ళుంటుంది, మా తర్వాత బ్యాచ్‌లో ఎవరో వేసుకునే ఉంటారు.

నేను చెప్పేదేంటంటే, నదిలో రాయి ఉంటుంది, సుడి ఉంటుంది, పడవ బోల్తా పడుతుంది, ఆ రిస్క్ నాది, దానికి వంద సంతకాలు పెడతా. అది లేకపోతే వెళ్ళడమే ఎందుకు. కానీ బకిల్ విరగడం నది చేసిన పని కాదు. నదిని నేను కళ్ళతో చూడగలను, భయమేస్తే మానేయగలను. జాకెట్లో ఫోమ్ ఎన్నేళ్ళదో, పై డ్యాములో గేట్లు ఎప్పుడెత్తుతారో, గైడ్‌కి ట్రైనింగ్ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? తెలుసుకోగలిగినవాడు కంపెనీవాడు, సంతకం మాత్రం నాది. ఈ రెండు రకాల రిస్కుల్నీ ఒకే ఫారంలో ఒకే పేరాలో కలిపేసి, కింద ఒకే గీత గీసి పెట్టమంటారు.

2015లో స్పెయిన్లో ఒక బ్రిడ్జి మీద బంజీ జంప్ దగ్గర ఒక డచ్ అమ్మాయి చనిపోయింది, 17 ఏళ్ళు. తాడు ఇంకా బ్రిడ్జికి కట్టలేదు. ఇన్‌స్ట్రక్టర్ ఇంగ్లీషులో "నో జంప్" అన్నాడంట, ఆ పిల్లకి అది "నౌ జంప్" అని వినపడి ఉండొచ్చని కేసులో వచ్చింది, ప్రాణం మీదకొచ్చే సూచనలు ఇచ్చే మనిషికి ఆ భాష సరిగ్గా రాకపోవడాన్ని కోర్టు తప్పు పట్టింది. ఇప్పుడు చెప్పండి, ఎత్తు నుంచి దూకడంలో రిస్క్ ఉందని ఒప్పుకున్న సంతకం, తాడు కట్టకముందే అంచు మీద నిలబెట్టడానికి కూడా వర్తిస్తుందా? 2018లో స్విట్జర్లాండ్‌లో హ్యాంగ్ గ్లైడింగ్ (పెద్ద రెక్క కింద వేలాడుతూ ఎగరడం) వీడియో చాలామంది చూసే ఉంటారు, పైలట్ టూరిస్టుని గ్లైడర్‌కి క్లిప్ చేయడం మర్చిపోయి గాల్లోకి లేపేశాడు, ఆయన రెండు నిమిషాల పైన చేతులతో వేలాడి, మణికట్టు విరిగి, ఎలాగో బతికి బయటపడ్డాడు. ఎగరబోయే ముందు ఒక్కసారి వేలాడి చూసుకుంటే తెలిసిపోయే విషయం అది, అర నిమిషం పని.

ఇంకో సంగతి. ఇలాంటి కేసుల గురించి చదువుతుంటే ప్రతిచోటా రెండు కాగితాలు కనిపిస్తున్నాయి నాకు. ఒకటి టూరిస్టు పెట్టిన సంతకం, అది ఫైల్లో భద్రంగా ఉంటుంది. రెండోది ముందే ఎవరో ఇచ్చిన హెచ్చరిక, దాన్ని ఎవరూ లెక్కచేయరు.

ఇంగ్లాండ్‌లో 1993 మార్చిలో లైమ్ బే దగ్గర సముద్రంలో బోట్లు తిరగబడి నలుగురు స్కూలు పిల్లలు చనిపోయారు. ఆ అడ్వెంచర్ సెంటర్లో అంతకుముందు పనిచేసి మానేసిన ఇన్‌స్ట్రక్టర్లు, ఇక్కడ సేఫ్టీ బాలేదు, ఒకరోజు ఎవరి బిడ్డో ఇంటికి తిరిగి రాకపోతే మీరే సమాధానం చెప్పుకోవాలని యాజమాన్యానికి ఉత్తరం రాసి మరీ వెళ్ళారు. ఆ ఉత్తరమే కోర్టులో సాక్ష్యమైంది, కంపెనీ డైరెక్టర్ జైలుకెళ్ళాడు, 1995లో పిల్లల యాక్టివిటీ సెంటర్ల కోసం అక్కడ ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు.

టైటాన్ అనే చిన్న సబ్‌మెరైన్ లాంటి సబ్‌మెర్సిబుల్ సంగతి అందరికీ తెలిసిందే, 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలు చూడ్డానికి దాదాపు 3,800 మీటర్ల లోతుకి బయల్దేరి ఐదుగురు పోయారు. ఆ ఫారంలో చావు గురించి ఒకటికి నాలుగుసార్లు రాశారు, ఈ సబ్‌మెర్సిబుల్‌కి ఏ సంస్థ సర్టిఫికెట్టూ లేదని కూడా రాశారు, అంటే ఆ కాగితం అబద్ధమేమీ చెప్పలేదు. కానీ 2018లోనే ఆ కంపెనీలో పనిచేసే ఆయన కార్బన్ ఫైబర్ బాడీ మీద అనుమానాలు రాసిస్తే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. 2022లో ఒక డైవ్ నుంచి పైకొస్తుంటే పెద్ద చప్పుడు వచ్చింది, ఆ తర్వాత కూడా అదే బాడీతో దించారు. చావొచ్చు అని ఫారంలో రాయడం వేరు, ఆ చప్పుడుకి అర్థమేంటో తేల్చి చెప్పడం వేరు కదా. ఇది ఆపగలిగిన ప్రమాదమేనని అమెరికా కోస్ట్ గార్డ్ 2025లో రిపోర్టు ఇచ్చింది.

న్యూజిలాండ్‌లో వకారీ అనే అగ్నిపర్వతం దీవి అయితే ఇంకా ఘోరం. 2019 డిసెంబర్ 9న పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు, 22 మంది చనిపోయారు. అంతకు మూడు వారాల ముందే, నవంబర్ 18న, అలర్ట్ లెవెల్ ఒకటి నుంచి రెండుకి పెంచారు. టూర్లు మాత్రం ఆగలేదు. బతికినవాళ్ళలో కొందరు ఆ రిస్క్ సంగతి తమకి ఎవరూ చెప్పలేదని కోర్టులో చెప్పారు. దీవిని టూర్లకిచ్చే కంపెనీని 2023లో దోషి అన్నారు, 2025లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, దీవిలోకి రానివ్వడం వరకే వాళ్ళ పని, టూర్లలో సేఫ్టీ చూసే బాధ్యత చట్టప్రకారం వాళ్ళ మీద లేదని. 22 ప్రాణాలు పోయిన ఐదేళ్ళకి కూడా బాధ్యత ఎవరిదన్న దగ్గరే ఉంది వ్యవహారం.

అసలు ఈ ఫారాలకి కోర్టులో విలువెంత అంటే దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్లో 1977లో వచ్చిన చట్టంతోనే, తమ నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా మాకు సంబంధం లేదని రాసుకుంటే ఆ మాట చెల్లదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలోనూ అంతే. అమెరికాలో రాష్ట్రానికో రకం, వర్జీనియాలో చెల్లవు, కాలిఫోర్నియాలో మామూలు నిర్లక్ష్యానికి చెల్లుతాయి కానీ మరీ ఘోరమైన నిర్లక్ష్యానికి చెల్లవని 2007లో తీర్పొచ్చింది, కొలరాడోలో స్కీ లిఫ్టుల సేఫ్టీ రూల్స్ పాటించకపోతే ఆ ఫారం కంపెనీని కాపాడదని 2024లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇవన్నీ లాయర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళకి తెలిసే విషయాలు. కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్న మనిషి ఏమనుకుంటాడు, "సంతకం పెట్టేశాను కదా" అనుకుంటాడు, అక్కడితో అయిపోతుంది. నాకైతే ఈ ఫారం కోర్టు కోసం రాసింది కాదనే అనిపిస్తుంది, మనిషిని కోర్టు దాకా రానివ్వకుండా చేయడానికే రాసినట్టుంది.

అలాగని టూరిస్టులందరూ అమాయకులని అనను. గుండెకి స్టెంట్ వేయించుకుని "ఏ జబ్బూ లేదు" దగ్గర టిక్ పెట్టేవాళ్ళని చూశా, బరువు తగ్గించి చెప్పేవాళ్ళని చూశా (బంజీ తాడు మన బరువుని బట్టే ఎంచుతారు, అక్కడ సిగ్గుపడితే ఎలా), తాగొచ్చి హెల్మెట్ వద్దనేవాళ్ళు సరేసరి. కెనడాలో 1988 సుప్రీంకోర్టు కేసు ఒకటుంది, మంచు కొండ మీద ట్యూబుల్లో జారే పోటీ, ఒకాయన పూటుగా తాగి దిగాడు, మెడ విరిగి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఎంట్రీ ఫారమే అనుకుని చదవకుండా సంతకం పెట్టాడు. అందులో ఏముందో ఆయనకి ఎవరూ చూపించి చెప్పలేదు కాబట్టి ఆ ఫారం కంపెనీకి పనికిరాదంది కోర్టు, అంత తాగినవాణ్ణి పోటీలోకి దింపడం కంపెనీ తప్పేనంది, ఆయన తప్పుకి మాత్రం పాతిక శాతం కోత పెట్టింది. నాకు ఈ లెక్క నచ్చింది. ఎవరి వాటా వాళ్ళకి.

గైడ్ల వైపు నుంచి కూడా చూడాలి. 1999 జులై 27న స్విట్జర్లాండ్ ఇంటర్లాకెన్ దగ్గర వాగులో క్యాన్యనింగ్ (ఇరుకు లోయలో వాగు వెంట దూకుతూ, జారుతూ, ఈదుతూ దిగడం) చేస్తుంటే పైన వాన పడి ఒక్కసారిగా వరద వచ్చింది, 21 మంది పోయారు, అందులో ముగ్గురు గైడ్లు. పైన మబ్బు కమ్మితే ట్రిప్ ఆపే అధికారం గైడ్‌కి ఉండాలి, ఆపితే ఆ రోజు కూలీ పోకూడదు, టూరిస్టుకి డబ్బులు వెనక్కి రావాలి. ఈ మూడూ లేకపోతే ఎంత ట్రైనింగ్ ఇచ్చినా "చూద్దాంలే, వెళ్ళొచ్చేద్దాం" అనే అంటారు. ఆ కేసులో ఆరుగురిని కోర్టు దోషులంది, 2014 నుంచి అక్కడ ఇలాంటి కంపెనీలకి లైసెన్సూ ఇన్సూరెన్సూ తప్పనిసరి చేశారు. న్యూజిలాండ్‌లో కూడా సేఫ్టీ ఆడిట్ పాసై రిజిస్టర్ అయితేనే నడపాలి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫారం డబ్బులు కట్టకముందే చూపించండి, నచ్చకపోతే అక్కడే మానేస్తాం. రిస్కులన్నీ చెప్పారని అచ్చేయడం కాదు, ఏ రిస్కో రాయండి, ఈ నదిలో ఈ చోట పడవ తిరగబడుతుంది, ఈ వారం నీళ్ళు ఎక్కువున్నాయి అని. పిల్లల తరఫున పెద్దవాళ్ళతో సంతకం పెట్టించుకుని చేతులు దులుపుకోకండి. ఇంకొకటి, నా గీత పక్కనే మీకో గీత పెట్టుకోండి, ఈ జాకెట్ ఈ పొద్దున ఫలానా మనిషి చూశాడు, తాడు ఈ ఏడాది మార్చాం, వాతావరణం ఇన్నింటికి చెక్ చేశాం అని. అక్కడ మీరు కూడా సంతకం పెట్టండి. ఒక కాపీ మాకివ్వండి. నేను ఆ రోజు నా కాపీ అడిగితే జిరాక్స్ లేదన్నారు.

ఇప్పుడు మా మేనకోడలు పారాగ్లైడింగ్ అంటోంది. బుక్ చేసేముందు ఫారం పంపండి, చదువుకుంటాం అని ఒక కంపెనీకి మెయిల్ పెట్టాను. తొమ్మిది రోజులైంది. డిస్కౌంట్ మెసేజ్‌లు రోజూ వస్తున్నాయి, ఫారం ఇంకా రాలేదు.

ఇట్లు,
మీ పేపర్ పాత చదువరి