షేకర్ సంగతి చలిలో తేలుతుంది

సంపాదకులు గారికి,

ఇంటి బార్ సామగ్రి మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం గ్లాసుల గురించి బాగానే చెప్పింది. మద్యం, రసాలు ఐస్‌తో వేసి ఊపి కలిపే మూత పాత్ర, అంటే షేకర్, దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూడముచ్చటగా ఉండి చేతికి బరువుగా తగిలేది తీసుకోమని ఒక్క ముక్కలో తేల్చేసింది. అలా కొన్న షేకర్లే నెల తిరక్కుండా అటకెక్కుతాయి. కొట్లో షేకర్ ఖాళీగా, పొడిగా, గది వేడిలో ఉంటుంది. ఆ స్థితిలో ఏ మూతైనా చక్కగా పడుతుంది, చక్కగా ఊడుతుంది. దాని అసలు గుణం ఐస్ పడ్డాకే బయటపడుతుంది. మూత బిగుసుకుపోవడం, అంచు కారడం, పానీయం నీళ్లోడడం, ఇవన్నీ చలి తెచ్చే తంటాలే. కాబట్టి ఎంపిక కూడా చలిని దృష్టిలో పెట్టుకునే చేయాలి.

రకాలు మూడే. అడుగు పాత్ర, జల్లెడ ఉన్న పైమూత, దాని మీద చిన్న టోపీ, ఇలా మూడు ముక్కలుగా ఉండేది కాబ్లర్. 1884లో బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ పేటెంట్ తీసుకున్నది ఈ తరహాకే. ఒక పెద్ద టిన్ (లోహపు గ్లాసు), ఒక చిన్న టిన్ మూతి మూతి కలిపి బిగించేది బోస్టన్. చిన్న టిన్‌కు బదులు దళసరి గాజు గ్లాసు వాడే పద్ధతీ ఉంది. మూడోది పారిసియన్. రెండే ముక్కలు, జల్లెడ లేదు, చూపుకు అందగత్తె. కాబ్లర్‌లా మొరాయిస్తుంది, బోస్టన్‌లా విడిగా జల్లెడ కావాలంటుంది. రెండింటి చిక్కులూ ఒకదాంట్లోనే కావాలనుకునేవారు దాన్ని కొనవచ్చు.

మూత ఎందుకు పట్టేస్తుందో ముందు చూద్దాం. షేకర్ మూసేటప్పుడు లోపలి గాలి 25 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. పది, పదిహేను సెకన్లు ఊపేసరికి లోపల మైనస్ 5 డిగ్రీల దాకా దిగుతుంది. గాలి అంత చల్లబడితే దాని పీడనం దాదాపు పదో వంతు తగ్గుతుంది. ఎనిమిది సెంటీమీటర్ల మూతి మీద ఆ తేడా సుమారు ఐదు కిలోల బరువు పెట్టి నొక్కినంత. షేకర్ కారకుండా కాపాడేది ఈ పట్టే, తెరవనీయకుండా ఏడిపించేదీ ఈ పట్టే. పైగా కాబ్లర్‌లో ఐస్ తగిలే అడుగు పాత్ర ముందు చల్లబడి కుంచించుకుంటుంది. లోపలికి దిగిన పైమూత ఇంకా అంత చల్లబడి ఉండదు. దాంతో అంచు మూతను కరుచుకుంటుంది. సందుల్లో ఎండిన చక్కెర పాకం ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

కాబ్లర్ కొన్నవాళ్లలో ఎక్కువమంది పైమూతనూ టోపీనీ కలిపి ఒకేసారి పెట్టేస్తారు. అప్పుడు నొక్కిన గాలికి బయటికి దారి ఉండదు, లోపలే ఇరుక్కుని మూతను పైకి తన్నుతుంది. ఊపడం మొదలుపెట్టగానే మొదటి రెండు సెకన్లలో మణికట్టు మీదుగా కారేది అందుకే. టోపీ తీసి పక్కన పెట్టి, జల్లెడ మూతను నిటారుగా నొక్కి, గాలి పోయాక టోపీ పెట్టాలి. ఊపేటప్పుడు ఒక వేలు టోపీ మీద ఉండాలి. ఊపడం అవగానే ముందు టోపీ తీసేస్తే బయటి గాలి లోపలికి పోయి పట్టు సడలుతుంది. టోపీయే రాకపోతే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను అతుకు చుట్టూ చుట్టి అర నిమిషం ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ పైకి లాగాలి. గట్టు మీద కొట్టకండి. అంచుకు చిన్న సొట్ట పడినా ఆ షేకర్ ఇక జన్మలో కారకుండా ఉండదు.

ఒక్కరికో ఇద్దరికో, ఎప్పుడో ఒకసారి కలుపుకునేవారికి కాబ్లర్ సరిపోతుంది. చేతులు చిన్నవైన వారికి పట్టుకోవడానికీ అదే తేలిక. తరచుగా వాడే ఇంటికి మాత్రం నా ఓటు స్టీలు టిన్ మీద స్టీలు టిన్ ఉండే బోస్టన్‌కే. అలవాటు లేనివారు దాన్ని చూసి జంకుతారు గానీ వారం రోజుల సాధనతో చేయి తిరుగుతుంది.

బోస్టన్‌లో కొలతలు చూసి కొనాలి. పెద్దది సుమారు 830 మిల్లీలీటర్లు, చిన్నది సుమారు 530 మిల్లీలీటర్లు పట్టే జోడీ ఎక్కువ వాడుకలో ఉంది. 28, 18 ఔన్సుల జోడీ అని కూడా అంటారు. రెండూ ఒకే జోడీగా తయారైనవి కావాలి. వేర్వేరు చోట్ల కొన్న టిన్నులు చూడ్డానికి సరిపోయినట్టే ఉంటాయి, కానీ ఒకటి మరీ లోతుగా దిగి ఇరుక్కుంటుంది, లేదా పైపైనే ఆగి జారుతుంది. టిన్ గోడను బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగి మళ్లీ యథాస్థితికి రావాలి. ఆ కాస్త లొంగుబాటు వల్లే అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అడుగున బరువు బిళ్ల అతికించిన టిన్నులు చేతిలో నిలకడగా ఉంటాయి, నిజమే. ఆ అతుకు చుట్టూ సందు ఉంటే మాత్రం వద్దు, అక్కడ చేరిన నీళ్లు ఎప్పటికీ ఆరవు.

వాడే తీరు ఇది. చిన్న టిన్‌లో ముందు నిమ్మరసం, తర్వాత పాకం, చివర మద్యం పోయాలి. కొలత తప్పితే పారబోసేది చవకైనదే అవ్వాలి కదా. ఐస్ అన్నిటికన్నా ఆఖరున. పెద్ద టిన్‌ను కాస్త ఏటవాలుగా బోర్లించి, ఒక వైపు రెండు టిన్నుల గోడలు ఒకే గీతలోకి వచ్చేలా చూసి, పై నుంచి అరచేత్తో ఒక్క దెబ్బ వేయాలి. నిటారుగా బోర్లిస్తే అంచు చుట్టూ పట్టు సమంగా పడి తెరవడం కష్టమవుతుంది. ఊపేటప్పుడు చిన్న టిన్ మన భుజం వైపు ఉండాలి; ఒకవేళ ఊడినా మన చొక్కాయే తడుస్తుంది, ఎదుటివారిది కాదు. రెండు చేతులు, రెండు టిన్నులు, అంతే. తెరిచే ముందు పెద్ద టిన్ కిందికి వచ్చేలా తిప్పి పెట్టండి, ఎందుకంటే ఐస్‌తో కలిపి పానీయమంతా చిన్న టిన్‌లో పట్టదు. ఇక గోడలు కలిసిన వైపు, దానికి సరిగ్గా ఎదురు వైపు, రెండూ వదిలేసి, ఆ రెంటికీ నడుమ సందు మొదలయ్యే చోట అరచేతిలో మణికట్టు దగ్గరి దళసరి భాగంతో పెద్ద టిన్ అంచు దగ్గర కొట్టాలి. సరైన చోట తగిలితే టప్పుమని చప్పుడొచ్చి ఊడుతుంది. ఊడకపోతే టిన్‌ను వేలెడంత తిప్పి మళ్లీ కొట్టండి. బలం పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

చిన్న టిన్ స్థానంలో గాజు గ్లాసు ఉంటే లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, బాగుంటుంది. దానికి మూల్యం ఐస్ చెల్లిస్తుంది. 450 గ్రాముల గ్లాసు 25 నుంచి మైనస్ 5 డిగ్రీలకు పూర్తిగా దిగాలంటే దాదాపు 34 గ్రాముల ఐస్ కరిగేంత వేడి వదలాలి; 200 గ్రాముల స్టీలు టిన్‌కు 9 గ్రాములు చాలు. పది సెకన్లలో గ్లాసు అంత పూర్తిగా చల్లబడదు గానీ, తేడా నాలుక మీద తెలుస్తుంది. పైగా గాజు చేయి జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా. గాజే ఇష్టమైతే అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

పరిమాణం దగ్గర చాలామంది పొరబడతారు. షేకర్‌కు ఖాళీ కావాలి. ఐస్ అటూ ఇటూ పరిగెత్తి కొట్టుకుంటేనే నురగ, చలి. 60 మిల్లీలీటర్ల మద్యం, 22 నిమ్మరసం, 22 చక్కెర పాకం తీసుకుంటే మొత్తం 104. దానికి మూడు సెంటీమీటర్ల ఐస్ ముక్కలు ఏడెనిమిది, అంటే 175 నుంచి 200 గ్రాములు పడాలి. ఊపాక 45 నుంచి 55 మిల్లీలీటర్ల నీరు చేరి పానీయం నూట యాభై దాటుతుంది. పావు లీటరు కాబ్లర్‌లో ఇదంతా కుక్కితే ఐస్ కదలదు. ఒకరికి అర లీటరు కనిష్ఠం, ఇద్దరికి ముప్పావు లీటరు. ఐస్ తగ్గిస్తే నీళ్లు తగ్గుతాయనుకోవడం వట్టి భ్రమ. కొద్దిపాటి ఐస్ త్వరగా కరిగిపోతుంది, పానీయం మాత్రం చల్లబడదు. ఫ్రిజ్ బయట ఉంచి తడిసిపోయిన ఐస్ వాడినా అంతే, ముక్కల మీది నీరంతా ముందే పానీయంలో కలుస్తుంది. మద్యం లేకుండా రసాలే కలిపేవారికి ఒక మాట: ఆల్కహాల్ లేనప్పుడు ఎంత ఊపినా సున్నా కిందికి పెద్దగా దిగదు, అది షేకర్ తప్పు కాదు.

లోహం విషయానికి వద్దాం. పుల్లటి రసం తగిలే లోపలి వైపు స్టెయిన్‌లెస్ స్టీలే ఉండాలి. 18/8 అని ముద్ర ఉంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న రకమని అర్థం, మంచిది. రాగి రంగు బయట ఎంత ఉన్నా ఫరవాలేదు, లోపల మాత్రం రాగి ఉండకూడదు. పులుపు రాగిని కరిగించి పానీయంలో కలుపుతుంది. అయస్కాంతం పట్టుకెళ్లి అంటుకోకపోతే మేలురకమని నమ్మేవారున్నారు. నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ ఉన్న చవక స్టీలుకూ అయస్కాంతం అంటుకోదు. సాగగొట్టి ఆకారం తెచ్చిన చోట మంచి స్టీలుకే కొద్దిగా అంటుకోవచ్చు. ఆ పరీక్షతో పని జరగదు. అంతకన్నా అంచు మీద వేలు తిప్పి చూడండి. లోపలికో బయటికో నున్నగా మడిచి ఉండాలి, గరుకు తగలకూడదు.

రెండు పొరల గోడ ఉన్న షేకర్లు ఈమధ్య తెగ కనిపిస్తున్నాయి. చేతికి చలి తగలదు, బయట చెమర్చదు అని అమ్ముతారు. ఆ చలీ ఆ చెమ్మా మనకు కావాలి! టిన్ మీద మంచు పొర కమ్మి పట్టుకోలేనంత చల్లగా అనిపించినప్పుడే ఊపడం ఆపాలన్న కబురు చేతికి అందుతుంది. రెండు పొరల గోడ లొంగదు కూడా, అందుకే మూతకు రబ్బరు పట్టీ తగిలిస్తారు. ఆ పట్టీ నిమ్మ వాసన పీల్చుకుంటుంది, విప్పి కడగకపోతే బూజు పడుతుంది.

బోస్టన్ కొంటే స్ప్రింగు చుట్టిన జల్లెడ తప్పనిసరి. హాథార్న్ అంటారు దాన్ని. పెద్ద టిన్ మూతి మీద పెట్టి చూసి కొనండి, స్ప్రింగు చుట్టూ గోడకు ఆనుకోవాలి, కడగడానికి ఊడి రావాలి. పుదీనా ఆకులు, పళ్ల గుజ్జు ఉన్న పానీయాలకు దాని కింద టీ వడపోసేలాంటి సన్నని జల్లెడ మరొకటి. కాబ్లర్‌లోని రంధ్రాలు ఆకుతో మూసుకుపోతాయి, సన్న ఐస్ పలుకుల్ని మాత్రం వదిలేస్తాయి. కాబ్లర్ టోపీతో కొలవడమూ వద్దు, 30, 60 మిల్లీలీటర్ల కొలపాత్ర విడిగా ఉంచుకోండి. పన్నెండు ముక్కల సెట్టులో మిగతావన్నీ డబ్బాకు అలంకారం.

సోడా, మరే బుడగల పానీయమైనా షేకర్‌లోకి పోకూడదు, వాయువు మూతను ఎగరగొడుతుంది. వేడి ద్రవాలూ అంతే. గుడ్డు తెల్లసొన కోసం ఐస్ లేకుండా ఊపేటప్పుడు చలి పట్టు ఉండదు కాబట్టి మూత దానంతట అది నిలవదు, రెండు చేతులతో అదిమి పట్టాలి. మద్యాలు మాత్రమే కలిసి, రసమో పాలో గుడ్డో లేని పానీయాలకు అసలు షేకరే అక్కర్లేదు. చెంచాతో కలిపితే తేటగా ఉంటాయి.

కొన్న రోజే ఒక పరీక్ష చేయండి. వంద మిల్లీలీటర్ల నీళ్లు, ఏడెనిమిది ఐస్ ముక్కలు వేసి, సింకు మీద పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. ఒకటి రెండు చుక్కలు మూసిన తొలి క్షణంలో కారితే ఊరుకోవచ్చు, సగం ఊపాక కూడా కారుతుంటే అంచు వంకర. తర్వాత రెండు నిమిషాలు అలాగే వదిలి, అప్పుడు తెరవండి. రెండు మూడు ప్రయత్నాల్లో తెరుచుకోకపోతే తిరిగి ఇచ్చేయండి. కొట్టువాళ్లు వెనక్కి తీసుకుంటారో లేదో కొనక ముందే అడగాలి.

కడగడం వాడిన వెంటనే. పాలు, గుడ్డు ఎండితే జల్లెడ రంధ్రాల్లో రాయిలా గట్టిపడతాయి. ఉక్కు పీచు వద్దు, క్లోరిన్ ఉన్న బ్లీచు అసలే వద్దు, మంచి స్టీలుకు కూడా గుంతలు పడతాయి. తడి మీద టిన్నుల్ని ఒకదాంట్లో ఒకటి దోపి పెట్టకండి. మూతలు తీసి, విడివిడిగా బోర్లించి ఆరనివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు